లవంగం లేని వంటిల్లు

మా అత్త వేరే గది తీసుకుంటానన్నప్పుడు మా ఇంట్లో ఎవరూ పెద్దగా అడ్డు చెప్పలేదు. ఆ గదిలో వంట చేసుకుంటాననేసరికి మాత్రం ఇల్లంతా ఒంటికాలి మీద లేచింది.

అత్త అంటే మా నాన్న చెల్లెలు. నలభై అయిదు దాటినా ఇంట్లో అందరికీ బుజ్జే. పెళ్ళి కుదరలేదని నాన్న అంటాడు, నేనే కుదరనివ్వలేదని అత్త అంటుంది. నాకు అత్త మాటే నమ్మబుద్ధవుతుంది. పెద్ద బజారులో ఒక కళ్ళజోళ్ళ షాపుంది. ముందు గదిలో ఓనరు కూర్చుని జనానికి ఫ్రేములు చూపిస్తాడు. వెనక గదిలో అత్త మిషను ముందు కూర్చుని, గుండ్రటి అద్దాల అంచులు ఆ ఫ్రేములకి సరిపోయేట్టు అరగదీస్తుంది. కాస్త ఎక్కువ అరిగితే అద్దం ఊడిపోతుంది, తక్కువ అరిగితే అసలు కూర్చోదు.

పొద్దున మా అందరికీ వండి, సాయంత్రం దాకా అద్దాలు అరగదీసి, ఇంటికొచ్చి మళ్ళీ మా అందరికీ వండేది. మా అందరికీ అంటే మేము, బాబాయి వాళ్ళు, వాళ్ళ పిల్లలు, వచ్చేపోయే వాళ్ళు. అమ్మ స్కూల్లో చిన్నపిల్లలకి చదువు చెప్పి గొంతు పోగొట్టుకుని వచ్చేది కాబట్టి కూరగాయలు తరిగి ఇచ్చి నడుం వాల్చేది. పిన్ని అంట్లూ బట్టలూ చూసుకునేది. పొయ్యి మాత్రం అత్తది. అది ఎవరూ కూర్చుని తేల్చిన సంగతి కాదు. నానమ్మ పోయిన తర్వాత ఒక పూట అత్త పొయ్యి ముందు నుంచుంది. ఇక అక్కణ్ణించి తప్పుకొమ్మని ఎవరూ అనలేదు.

మా ఇంట్లో ఒక పొడి ఉండేది. దానికి పేరు లేదు, పొడి అంటే అదే. ధనియాలు, జీలకర్ర, మిరియాలు, ఎండుమిరపకాయలు, దాల్చినచెక్క, కాసిని మెంతులు, బోలెడు లవంగాలు వేయించి కొట్టిన పొడి. నానమ్మ కాలం నుంచీ ఉన్నది. ఏ కూరైనా దించేముందు అది పడాల్సిందే. మా నాన్న బస్సు డిపోలో టైమ్ కీపరు. బస్సు ఆలస్యాన్ని ఎలా పట్టేస్తాడో, కూరలో లవంగం తగ్గితే అలాగే పట్టేస్తాడు. "అమ్మ చేతి రుచి," అని మెచ్చుకుంటూ తినేవాడు. వండిన మనిషి పక్కనే నుంచుని వడ్డిస్తూ ఉండేది.

ఒకసారి అత్త లవంగాలు లేకుండా పొడి కొట్టింది. అయిపోయి కాదు, డబ్బా నిండా ఉన్నాయి. కావాలనే మానేసింది. ఆ పూట నాన్న ఒక్క ముద్ద తిని పళ్ళెం ముందుకి తోశాడు.

"ఏమిటిది?"

"కూర," అంది అత్త.

"ఈ ఇంట్లో కూర ఇలా ఉండదు బుజ్జీ. లవంగం ఏది?"

"వెయ్యలేదు. వెయ్యకపోతే ఎలా ఉంటుందో చూద్దామని."

"చూడ్డానికి ఇదేమన్నా సినిమానా? అమ్మ చేసినట్టు చెయ్యి, అది చాలు."

గొడవ ముదరకూడదని అమ్మ మధ్యలో కలగజేసుకుంది. ఉన్న పొడిలోనే లవంగాలు వేసి మళ్ళీ మిక్సీలో తిప్పెయ్యమంది. అత్త అలాగే తిప్పింది. ఆ వారం తిరక్కుండానే, షాపుకి దగ్గర్లో, రిటైరైన నర్సు ఒకావిడ ఇంటి మేడ మీద గదీ చిన్న వంటిల్లూ మాట్లాడుకుని వచ్చింది.

"షాపుకి దగ్గరని తీసుకున్నావు, సరే," అన్నాడు నాన్న. "పడుకోవడానికి వెళ్ళు, ఎవరు వద్దన్నారు? పొద్దునా సాయంత్రం ఇక్కడికి రా. వండు, తిను, వెళ్ళు. ఒక్కదానికి వేరే పొయ్యి దేనికి?"

"ఒక్కదానికి ఆకలి వెయ్యదా?"

"ఆకలేస్తే ఇక్కడ తినమనే కదా అంటున్నా."

"ఇక్కడ నేను తినడం లేదు అన్నయ్యా, వండుతున్నాను. రెండూ ఒకటి కాదు."

నాన్న ఆ మాట చెవిన పడనట్టు పేపరు విప్పుకున్నాడు. నాకు మాత్రం ఒళ్ళు మండింది. ఎందుకంటే లోగుట్టు అందరికీ తెలుసు. వంటిల్లు లేకపోతే అత్త ఎక్కడ పడుకున్నా మా వంటమనిషే. ఆ మేడ మీద పొయ్యి నిలబడితేనే ఆవిడకి తనదంటూ ఒక ఇల్లున్నట్టు. నాన్న గది జోలికి పోకుండా పొయ్యి మీదే పడ్డాడంటే ఊరికే కాదు. "చూస్తాగా, ఉప్పూ కారం సమకూర్చుకునేసరికే సరదా తీరిపోతుంది. నాలుగు రోజులు పోతే తనే వస్తుంది," అని అందరి ముందూ తేల్చేశాడు కూడా.

సరుకులు కొనడానికి అత్త నన్ను తోడు తీసుకెళ్ళింది. బజారు మూలన ఉన్న దినుసుల కొట్టు మాకు బాగా పాతది. మేము గుమ్మంలో అడుగు పెట్టామో లేదో కొట్టాయన పొట్లాలు కట్టడం మొదలుపెట్టేశాడు.

"ఈసారి ఆ ఇంటికి కాదండీ, నాకు," అంది అత్త.

"మీకంటే?"

"నాకంటే నాకే."

ఆయన నవ్వి తలాడించాడు గానీ చేతులు పాత దారినే పోయాయి. లవంగాల సీసా మూత తీశాడు.

"అవి వద్దు."

"లవంగాలా? మరిచిపోయి అంటున్నారేమో. అందరికన్నా ఎక్కువ మీ ఇంటికే కదమ్మా వెళ్ళేది."

"మరిచిపోలేదు. వద్దు. మూత పెట్టెయ్యండి, ఆ వాసన కూడా వద్దు."

సంచులు మోసుకుని వస్తుంటే దారిలో అడిగాను, లవంగం మీద అంత కోపమేమిటని. అత్త సంచి చెయ్యి మార్చుకుంది.

"చిన్నప్పుడు నాకు పన్ను పుచ్చింది. నొప్పికి ఊరు దద్దరిల్లేలా ఏడ్చేదాన్ని. అప్పుడే మీ నాన్నకి పెద్ద పరీక్షలొచ్చాయి. ఇంట్లో అందరూ వాడి చుట్టూ తిరుగుతున్నారు. పరీక్షలయ్యాక డాక్టరు దగ్గరికి వెళ్దాంలే అని మీ నానమ్మ ఆ పుచ్చులో లవంగం పెట్టేది. అది చప్పబడగానే ఇంకోటి. వాడి పరీక్షలయ్యేదాకా నా నోట్లో లవంగమే. ఇప్పటికీ ఆ వాసనొస్తే దవడ లాగుతుంది."

"మరి ఇన్నేళ్ళూ రోజూ అదే తిన్నావా?"

"రోజూ అదే తిన్నాను. మీరంతా లొట్టలేసుకుంటూ తింటుంటే నేను గబగబా మింగేసి లేచేదాన్ని."

"ఎవరికీ చెప్పలేదా?"

"ఎందుకు చెప్పలేదు? మీ నాన్నకే చెప్పాను. లవంగానికి భయపడే మనిషిని నిన్నే చూస్తున్నానని నవ్వాడు. భోజనాల దగ్గర అందరికీ చెప్పి మళ్ళీ నవ్వించాడు."

నాకు నాన్న మీద ఎక్కడలేని కోపం వచ్చింది. నేను కూడా ఆ నవ్వినవాళ్ళలో ఉన్నానేమోనని అడగబోతే, నువ్వు అప్పటికి పుట్టలేదని తనే చెప్పింది.

ఇదంతా బాగానే ఉంది. కానీ అంత పౌరుషంగా లవంగాలు వద్దన్న మనిషి, మిగతావన్నీ ఎంతెంత కొన్నదో గదికి వెళ్ళి సంచులు విప్పాక గానీ మాకు తెలిసిరాలేదు. ధనియాలు చూస్తే ఒక పెళ్ళికి సరిపోతాయి. ఎండుమిరపకాయల మూట దిండంత ఉంది. కొట్టాయన అడుగుతుంటే ఆవిడ నోరు అలవాటు చొప్పున మా ఇంటి కొలతలే చెప్పేసింది. ఆయన అవే తూచాడు. నేను బుద్ధిగా మోసుకొచ్చాను. ముగ్గురిలో ఒక్కరికీ తట్టలేదు. ఆ వంటింట్లో ఉన్నది చెక్క అలమరా ఒకటి, అది నా మోచెయ్యంత వెడల్పు. మిగిలిన సంచులు మంచం కిందకి తోశాం.

ఆ మరుసటి ఆదివారం పొడి కొట్టే కార్యక్రమం పెట్టింది. మిరపకాయలు వేగేసరికి ఆ ఘాటు మెట్ల మీదుగా కిందకి దిగింది. కాసేపటికి ఇంటావిడ ముక్కుకి తువ్వాలు అడ్డం పెట్టుకుని దగ్గుకుంటూ పైకొచ్చింది.

"ఏమ్మా, పైన యుద్ధమేమన్నా జరుగుతోందా?"

"పొడి కొడుతున్నానండీ. కిటికీ తీస్తాను."

ఆవిడ మూకుడులోకి తొంగి చూసింది. "ఎంతమందికి?"

"నా ఒక్కదానికే."

"నువ్వు ఒక్కదానివే కదాని గదిచ్చాను గానీ, నీ కడుపులో ఎంతమందున్నారో అడగలేదు," అని ఆవిడ దగ్గుతూనే నవ్వి దిగిపోయింది.

డబ్బాలన్నీ నిండాయి. అత్త చేతికి తెలిసిన కొలత అదొక్కటే. దోసిలితో ధనియాలు, పిడికిలితో జీలకర్ర. చిటికెడు అంటే ఎంతో ఆ చేతికి తెలీదు. కొంచెమే చేద్దామని ఒకసారి చూసింది కూడా. అంత పెద్ద మూకుడులో నాలుగు మెంతి గింజలు పడేసరికి, తిప్పేలోపే నల్లగా మాడిపోయాయి. ఆ చేదు కూర నా కళ్ళ ముందే తిన్నది. బాలేదని ఒప్పుకుంటే నాన్న గెలిచినట్టవుతుందన్నట్టు, మొహంలో ఏమీ కనపడనివ్వకుండా తిన్నది.

తర్వాత వానలు పట్టుకున్నాయి. ఆ అలమరా ఉన్నది సరిగ్గా పొయ్యి పైన. కింది ఆవిరి, బయటి చెమ్మ కలిసి పొడి గడ్డలు కట్టింది. మంచం కింద మిరపకాయలకి పురుగు పట్టింది. ఇక ఇదే సమయమని ఎవరో చెప్పినట్టు, ఒక సాయంత్రం నాన్న డిపో నుంచి వస్తూ ఇటు దిగాడు. నేను అక్కడే ఉన్నాను. టీ ఇచ్చేలోపే ఆయన ఒక డబ్బా మూత తీసి వాసన చూశాడు.

"ముక్కిపోయింది," అన్నాడు. బాధపడుతున్నట్టే అన్నాడు గానీ, కళ్ళల్లో దీపాలు వెలిగాయి.

"తెలుసు," అంది అత్త.

"నీ చెయ్యి పదిమందికి వండిన చెయ్యి బుజ్జీ. ఒక్కదానికి వండడం నీకు రాదు. అందులో తప్పేం లేదు. మిగిలినవి ఇంటికి పంపించెయ్, పాడవకుండా వాడేస్తాం. నువ్వూ వచ్చెయ్."

"రాకపోతే నేర్చుకుంటాను."

"ఈ వయసులోనా?"

"ఈ వయసులోనే."

నాన్న వెళ్ళాక అత్త ఏడ్చింది. అబద్ధం చెప్పి తిట్టి ఉంటే ఏడ్చేది కాదనుకుంటాను. ఆయన చెప్పింది నిజం, అదీ మంట. కాసేపు ఏడ్చి, మొహం కడుక్కుని, డబ్బాలన్నీ కిందకి దించింది. బాగున్నవి వేరు చేసి ఇంటావిడకి ఇచ్చింది. ముక్కినవి పెరట్లో గొయ్యి తీసి పూడ్చింది. మా ఇంటికి ఒక్క గింజ కూడా పంపలేదు. డబ్బాలు కడిగి బోర్లించింది. అలమరా పీకించి, కిటికీకి అవతలి గోడకి, పొయ్యికి దూరంగా కొట్టించింది. ఆ ఖాళీ చెక్కలు చూసి నాకు దిగులేసింది గానీ, ఆవిడకి మాత్రం ఊపిరి తిరిగినట్టుంది.

"ఇప్పుడేం కొంటావు?" అని అడిగాను.

"అదే తెలీడం లేదే," అంది. "మీ నాన్నకేం ఇష్టమో చెప్పమను, నిద్రలో లేపినా చెప్తాను. మీ బాబాయికి మిరియం తగలకూడదు. మీ అమ్మకి కాస్త కారం ఎక్కువ కావాలి. నీకు దాల్చినచెక్క ఎక్కువైతే తలనొప్పి. నాకేం ఇష్టమో మాత్రం నాకు తెలీదు. సిగ్గుగా లేదూ, ఇంత వయసొచ్చి?"

ఆవిడ సిగ్గుపడ్డం నాకు నచ్చలేదు. సిగ్గుపడాల్సింది తినిపెట్టిన మేమందరం. ఆ మాటే అన్నాను. "అది తర్వాత చూద్దాం, ముందు బంగాళాదుంపలు ఉడికించు," అంది.

దుంపలు ఉడికేలోపు కిందకెళ్ళి ఇంటావిడ వంటింట్లో ఉన్న దినుసులన్నీ తలా కాస్త పొట్లాలు కట్టి తెచ్చింది. ఉడికిన దుంపలు ముక్కలు చేసి, వాటికి ఉప్పు మాత్రం పట్టించి పళ్ళెంలో పరిచింది. తర్వాత ఒక్కో ముక్క మీద ఒక్కో దినుసు. పచ్చి జీలకర్ర ఒకదాని మీద, వేయించింది ఇంకోదాని మీద. మిరియం, శొంఠి, దాల్చినచెక్క, నీడన ఎండబెట్టిన పుదీనా, తురిమి ఎండబెట్టిన నిమ్మతొక్క. నన్ను అందివ్వమని, తను కళ్ళు మూసుకుని తిన్నది. ఏ హడావుడీ లేకుండా, నమిలి నమిలి తిన్నది. ఆవిడ అంత నెమ్మదిగా తినడం నేను ఎప్పుడూ చూడలేదు.

"ధనియాలు నాకు అంత ఇష్టం లేదే!" అని కళ్ళు తెరిచింది, దొంగ దొరికినట్టు. "ఉంటే ఉంటాయి, లేకపోతే బెంగ లేదు."

సోంపు దగ్గర ఆగిపోయింది. సోంపు అంటే నాన్నకి గిట్టదు కాబట్టి అది మా ఇంటి గడప లోపలికి ఎన్నడూ రాలేదు. దోరగా వేయించి నలిపిన సోంపు చల్లిన ముక్క తిని, ఇంకోటి అడిగింది, ఇంకోటి అడిగింది. ఆ వరసలో దుంపలన్నీ అయిపోయాయి.

"ఇన్నాళ్ళూ ఎక్కడ దాక్కున్నావే తల్లీ," అని సోంపు పొట్లంతో మాట్లాడింది. ఆవిడ మొహం వెలిగిపోయింది.

ఈసారి కొట్టుకి వెళ్ళినప్పుడు నోరు జారకుండా చిన్న గాజు సీసాలు తీసుకెళ్ళింది. సీసా పట్టినంతే ఇమ్మంది. కొట్టాయన తక్కెడ వైపు, సీసా వైపు మార్చి మార్చి చూశాడు.

"ఇంత కొంచెం అమ్మడం నాకు అలవాటు లేదమ్మా."

"నాకూ కొనడం అలవాటు లేదండీ. ఇద్దరం నేర్చుకుందాం."

అలా ఒక్కొక్కటే వచ్చి చేరాయి. అన్నీ గింజలుగానే కొన్నది. గింజ తన వాసన తన కడుపులో దాచుకుంటుంది, పొడి చేస్తే గాలికి ఇచ్చేస్తుందని ముక్కిన డబ్బాలు నేర్పాయి. పసుపు, కారం మాత్రం పొడులు, అవి మూత బిగుతుగా ఉన్న స్టీలు డబ్బాల్లో. పెద్ద మూకుడు ఇంటావిడకిచ్చి అరచెయ్యంత మూకుడు తెచ్చుకుంది. మిక్సీ బదులు ఒక చిన్న రాతి కల్వం. కిటికీలో కొత్తిమీరకీ పుదీనాకీ చెరో తొట్టి. రోజువారీ కూరకి జీలకర్ర, సోంపు, మిరియాలు కలిపి నూరుకునేది. జలుబు చేసిన రోజుకి శొంఠి, మిరియాలు, ఎండు వెల్లుల్లి ఇంకో సీసాలో ఉండేవి. వండే ఓపిక లేనినాడు ఉడికిన దుంప మీదో రొట్టె మీదో చల్లుకోవడానికి ఎండు పుదీనా, నిమ్మతొక్క, ఉప్పు. ఏదైనా నాలుగైదు పూటలకి సరిపడా, అంతే. మొదట్లో ఉప్పు ఎక్కువయ్యేది, నీళ్ళు ఎక్కువయ్యేవి. మెల్లగా చెయ్యి దారికొచ్చింది.

షాపులో ఆవిడ అన్నం డబ్బా తెరిస్తే ఓనరు కూడా వెనక గదిలోకి వచ్చేవాడట. "ఈ పొడి ప్యాకెట్లు కట్టి అమ్మితే బంగారంలా పోతుందక్కా," అన్నాడట. ఇంటావిడా అదే అంది. నేనూ అదే అన్నాను, ఒప్పుకుంటాను. అత్త అందరికీ ఒకటే జవాబిచ్చింది.

"అమ్మాలంటే మళ్ళీ పదిమంది నాలికల కోసం నూరాలి. నేను దీన్ని తింటాను. తినడానికే నూరుకున్నాను."

ఇక్కడ ఇలా ఉంటే అక్కడ మా ఇంట్లో పొడి అయిపోయింది. అత్త వెళ్తూ వెళ్తూ నింపిపెట్టి వెళ్ళిన పెద్ద డబ్బా అది. దాని అడుగు కనపడేసరికి ఇంట్లో గాలి మారింది. అమ్మ కొట్టి చూసింది, చేదొచ్చింది. పిన్ని కొట్టింది, ఘాటుకి పిల్లలు ఏడ్చారు. బజారు ప్యాకెట్టు తెస్తే నాన్న సబ్బు వాసనొస్తోందన్నాడు. పూటపూటకీ పళ్ళెం తోసేస్తుంటే అమ్మకి ఓపిక పోయింది. స్కూల్లో కూడా అంత గొంతు పెట్టి అరిచి ఉండదు.

"అయితే మీరే కొట్టుకోండి! మీ అమ్మగారి పొడి, మీ చెల్లెలి చెయ్యి, మధ్యలో నా ప్రాణం తీస్తారేమిటి?"

మర్నాడు ఆదివారం. నాన్న దినుసులన్నీ సంచిలో వేసుకుని, ఖాళీ డబ్బా ఒకటి చంకలో పెట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని అత్త మేడ ఎక్కాడు. అత్త అప్పుడే కూర దించబోతోంది. నాన్న సంచి గట్టు మీద పెట్టాడు.

"కాస్త పొడి కొట్టి పెట్టు బుజ్జీ. అన్నీ తెచ్చాను, నీ సరుకేమీ వాడక్కర్లేదు."

"కొట్టను అన్నయ్యా."

"ఇప్పుడు తీరిక లేకపోతే సాయంత్రం పంపు."

"తీరిక ఉంది. కొట్టను."

నాన్న నా వైపు చూశాడు, సరిగ్గానే విన్నానా అన్నట్టు. నేను కిటికీలో పుదీనాని చూడసాగాను.

"నేను చెప్తాను, నువ్వు కొట్టు," అంది అత్త. "ఇక్కడే నుంచుని ఏది ముందు వెయ్యాలో, ఎప్పుడు దించాలో అన్నీ చెప్తాను. వదినొస్తే వదినకి చెప్తాను. ఏదీ దాచుకోను. నా చేత్తో మాత్రం కొట్టను."

"నేనా? పొడి కొట్టాలా?"

"ఊళ్ళో బస్సులన్నీ వేళకి కదిలిస్తావు. ధనియాలు వేళకి దించలేవా?"

నాకు నవ్వాగలేదు. నాన్న చూసిన చూపుకి మళ్ళీ పుదీనా వైపు తిరిగాను. ఆయన కేకలేస్తాడనుకున్నాను. వెయ్యలేదు. గొంతు తగ్గించాడు.

"అది అమ్మ పొడి. అమ్మ పోయినా ఆ రుచి ఇంట్లో ఉంది కదా అనుకునేవాణ్ణి. నువ్వు కొట్టకపోతే అదీ పోతుంది బుజ్జీ."

నాకు ఆ నిమిషంలో ఆయన మీద జాలేసింది. అత్తకీ వేసింది, పొయ్యి ఆర్పి ఇటు తిరిగిందంటేనే తెలిసింది. ఇక కొట్టేస్తుందనుకున్నాను. ఆ సంచి విప్పిందా, ఇంత కాలం చేసుకున్నదంతా గంగపాలేనని భయం వేసింది. రేపు కూరకి రమ్మంటారు, ఎల్లుండి మకాం ఎత్తెయ్యమంటారు.

"అమ్మ నీకెంతో నాకూ అంతే అన్నయ్యా," అంది. "కానీ ఇన్నేళ్ళూ నువ్వు తిన్నది అమ్మ చేత్తో కాదు, నా చేత్తో. ఆ సంగతి ఒక్కసారైనా అన్నావా? నీ కళ్ళజోడు నేను పెట్టుకుంటే నాకు కళ్ళు తిరుగుతాయి. నీ నాలిక పెట్టుకుని సగం బతుకు తినేశాను. చాలు."

"అంటే మేమెవరమూ నీకు అక్కర్లేదు. ఒక్కదానివే ఉండు, ఒక్కదానివే తిను. ఇక ఆ ఇంటి గుమ్మం తొక్కకు."

"తొక్కుతాను," అంది అత్త. "నేను పుట్టిన ఇల్లది. గుమ్మం తొక్కుతాను, కూర్చుంటాను, పెడితే తింటాను. పొయ్యి దగ్గరికి మాత్రం రాను."

నాన్న సంచి తీసుకుని దడదడా మెట్లు దిగిపోయాడు. అత్త పెట్టిన కూర నేనొక్కదాన్నే తిన్నాను. రుచి అడగాలని ఆవిడకీ, చెప్పాలని నాకూ తోచలేదు.

ఆ తర్వాతి ఆదివారం అత్త మంచి బట్టలు కట్టుకుని మా ఇంటికొచ్చింది. చెప్పినట్టే గుమ్మం తొక్కి, ముందు గదిలో, వచ్చినవాళ్ళు కూర్చునే కుర్చీలో కూర్చుంది. ఆ కుర్చీలో ఆవిణ్ణి చూడడం మాకు కొత్త. నాన్న పేపరు దించలేదు. బాబాయి కుశలమడిగి ఫ్యాను వైపు చూస్తున్నాడు. లోపల అమ్మ వంట చేస్తోంది.

కాసేపటికి మాడు వాసన మొదలైంది. ఏది మాడుతోందో, ఇంకెంతసేపట్లో చేయి దాటిపోతుందో ఆ గదిలో అత్తకన్నా బాగా ఎవరికీ తెలీదు. అందరి కళ్ళూ ఆవిడ మీదే పడ్డాయి. బాబాయి కళ్ళు, పిన్ని కళ్ళు, పేపరు పై నుంచి నాన్న కళ్ళు. అత్త పాదాలు నేల మీద కదిలాయి. లేచిపోతుందనుకున్నాను. రెండు చేతులతో కుర్చీ పట్టుకుంది, వేళ్ళు తెల్లబడేంత గట్టిగా. లేవద్దత్తా, లేవకు అని నేను లోపల్లోపల బతిమాలుకున్నాను. పొగ గుమ్మం దాటి ముందు గదిలోకి వచ్చింది.

"ఎవరైనా వస్తారా, నన్ను చావమంటారా?" అని లోపలి నుంచి అమ్మ కేక.

అత్త లేవలేదు.

నాన్న పేపరు మడిచాడు. ఎవరి వైపూ చూడకుండా లోపలికి వెళ్ళాడు. తర్వాత మాకు వినపడిందంతా దగ్గు, గరిటె చప్పుడు, "చూస్తారేమిటి, కలపండి", "మంట ఎటు తిప్పాలి", "అటు కాదు" అనే అమ్మా నాన్నల అరుపులు. మధ్యలో అమ్మ నవ్వు కూడా ఒకసారి వినపడింది. చాలాసేపటికి నాన్న బయటికొచ్చాడు. మొహమంతా చెమట, చొక్కా మీద పసుపు. చేతిలో పళ్ళెం. అది తీసుకొచ్చి అత్త ముందు పెట్టి, వెళ్ళిపోకుండా అక్కడే నుంచున్నాడు.

అత్త ఒక ముద్ద కలిపి నోట్లో పెట్టుకుంది. తొందరేమీ పడలేదు.

"ఎలా ఉంది?" అన్నాడు నాన్న. ఆ మాట ఆ ఇంట్లో ఆవిణ్ణి ఎవరూ ఎప్పుడూ అడగలేదు.

అత్త తలెత్తి ఆయన మొహంలోకి చూసింది.

"బాలేదన్నయ్యా," అంది. "వచ్చే ఆదివారం మళ్ళీ చెయ్యి. వచ్చి తింటాను."